అబద్ధమెందుకు చెప్పాలి

కొందరు గోళ్ళు కొరుకుతారు. కొందరు కూర్చున్నచోట కాళ్ళు ఊపుతారు. ఆ ఇంటి చిన్నల్లుడికి ఈ రెండు అలవాట్లూ లేవు. ఉన్నా బాగుండేది పాపం. అతనికి ఉన్నదల్లా ఒక ఊతపదం. నోరు తెరిస్తే చాలు, ముందు "అబద్ధమెందుకు చెప్పాలి" అనేవాడు, ఆ తర్వాతే అసలు సంగతి. పోనీ ఆ సంగతేమైనా కొంపలంటుకునేదా అంటే అదీ కాదు. "అబద్ధమెందుకు చెప్పాలి, ఇవాళ కాస్త ఉక్కగా ఉంది" అనేవాడు. "అబద్ధమెందుకు చెప్పాలి, నాకు తుమ్మొస్తోంది" అనేవాడు. ఉక్కపోత గురించీ తుమ్ముల గురించీ అబద్ధాలాడమని అతన్ని ఎవరు బతిమాలారో మనకు తెలియదు.

మాట దగ్గరే ఆగితే గొడవే లేదు. చిక్కల్లా ఆ తర్వాత వచ్చేది. అబద్ధమెందుకు చెప్పాలి అని పదిమందిలో అనేశాక, ఆ వెంటనే అబద్ధం చెప్పడానికి అతనికి మొహమాటం అడ్డొచ్చేది. బట్టల కొట్టులో పనిచేసే రోజుల్లో ఒకావిడ ఎర్రటి దుప్పటి ఒకటి చేత్తో నిమిరి మురిసిపోతుంటే, "అబద్ధమెందుకు చెప్పాలమ్మా, ఒక్క ఉతుకు ఉతికితే ఇది గులాబీ రంగుకొస్తుంది" అన్నాడు. ఆవిడ దుప్పటిని వదిలేసింది, యజమాని ఇతన్ని వదిలేశాడు. తర్వాత ఒక లాడ్జిలో చేరాడు. వేడినీళ్ళు వస్తాయా అని ఎవరో అడిగితే, వస్తాయని రాసి ఉన్న బోర్డు కిందే కూర్చుని, "అబద్ధమెందుకు చెప్పాలి సార్, బోర్డు మీద మాత్రం వస్తాయి" అన్నాడు. ఆ పైన పాత కార్లు అమ్మే చోట కుదిరాడు. అక్కడేం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున వెళ్ళినవాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేశాడు, మళ్ళీ వెళ్ళే పని లేకుండా.

ఇల్లు రెండంతస్తులది. కింద పెద్దల్లుడి కాపురం, పైన చిన్నల్లుడిది. అక్కాచెల్లెళ్ళిద్దరి తల్లి, అంటే ఈ ఇద్దరికీ అత్తగారు, కింద తిని పైన పడుకునేవారు, లేదా పైన తిని కింద పడుకునేవారు. మిగతా సమయమంతా ఆవిడ మకాం మెట్ల మీదే. మోకాళ్ళ నొప్పి వల్ల మధ్యలో ఆగిపోతున్నానని చెప్పేవారు గానీ, రెండిళ్ళ మాటలూ సమానంగా వినబడే చోటు ఆ ఇంట్లో అదొక్కటే.

చిన్నల్లుడి భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం ఖాళీగా ఉందని, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ ద్వారా ఆమెకే తెలిసింది. అనౌన్సరంటే అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం. వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే మొగుడి నోటి సంగతెలా ఉన్నా గొంతు మాత్రం బంగారం. కింద వీధిలో నిలబడి పాలవాణ్ణి పలకరిస్తే మేడ మీద ఆరేసిన బట్టలకు కూడా వినపడుతుంది. అంత మంచి గొంతు దేవుడు ఇలాంటి నాలుకకు తగిలించాడేమిటా అని ఆమె చాలాసార్లు విచారించింది.

దరఖాస్తు పెట్టారు, ఇంటర్వ్యూకు రమ్మని కబురొచ్చింది. ఆ రోజు ఆమె మిషను తొక్కుతూ, తలెత్తకుండా అంది.

"ఈసారి కూడా పోతే నేనేమీ అనను."

ఆ మాటకు చిన్నల్లుడు హడలిపోయాడు. ఇంతవరకూ ఉద్యోగం పోయిన ప్రతిసారీ ఆమె ఒంటికాలి మీద లేచేది. గిన్నెలు మోగేవి, తలుపులు మోగేవి, మధ్యలో అతని వంశంలో అందరి ప్రస్తావనా వచ్చేది. అన్నీ అయ్యాక ఒక కప్పు టీ తెచ్చి ఠప్పుమని ముందు పెట్టేది. ఆ టీ చేతికందితే ఇక గండం గడిచినట్టే. అలాంటి మనిషి ఏమీ అననంటోందంటే, లోపల ఏదో అయిపోవచ్చిందన్నమాట. ఉద్యోగం సంగతి అటుంచి, ఆమె మళ్ళీ తనమీద ఎగిరి పడాలని, ఆ టీ మళ్ళీ ఠప్పుమనాలని అతనికి మనసులో గట్టిగా అనిపించింది.

దాంతో తోడల్లుణ్ణి ఆశ్రయించాడు. పెద్దల్లుడు ఒక సిమెంటు గోడౌనులో సూపర్వైజరు. తాను ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్న మనిషినని, ఎంతమందినో ఎంపిక చేశానని, తన ముందు కుర్చీలో చెమటలు పట్టనివాడు లేడని కనిపించిన ప్రతివాడికీ డప్పు కొట్టుకునేవాడు. తమ్ముడి వరసైన చిన్నల్లుడు సలహా అడిగేసరికి ఆయన ఛాతీ చొక్కా గుండీలకు అందనంత పొంగింది. వారం రోజుల్లో మనిషిని మార్చి చూపిస్తానని మాటిచ్చేశాడు.

కింద హాల్లో భోజనాల బల్ల వెనక మూడు కుర్చీలు వేయించాడు. నడిమి కుర్చీలో తాను, ఒక పక్క అత్తగారు, ఇంకో పక్క మరదలు. ఎదురుగా స్టూలు మీద అభ్యర్థి. తన ముందు ఖాళీ ఫైలొకటి పెట్టుకుని, కళ్ళు చికిలించి, మొదటి ప్రశ్నే మహా కష్టమైనది వేశాడు.

"మీ బలహీనత ఏమిటి?"

చిన్నల్లుడు నోరు తెరిచేలోపే అత్తగారు, బలహీనతకేముంది, రెండుపూటలా గ్లాసుడు పాలు తాగితే అదే తగ్గుతుందని చెప్పి, ఆ మాటకొస్తే పెద్దల్లుడు కూడా ఈ మధ్య చిక్కాడని దిగులు పడ్డారు. పెద్దల్లుడు ఆవిణ్ణి కాసేపు బోర్డు నుంచి సస్పెండ్ చేసి, ఇలాంటి ప్రశ్నకు జవాబెప్పుడూ ఒకటే ఉంటుందని వివరించాడు. అతిగా కష్టపడటమే నా బలహీనత అనాలట. పైవాళ్ళు పడిపోతారట.

"అబద్ధమెందుకు చెప్పాలి అన్నయ్యా, నేనంత కష్టపడను" అన్నాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడు తల పట్టుకున్నాడు. పాత ఉద్యోగాలు ఎందుకు మానేశారంటే మరింత మంచి అవకాశాల కోసం అనమన్నాడు. "అబద్ధమెందుకు చెప్పాలి, వాళ్ళే పొమ్మన్నారు" అని వచ్చింది. మా సంస్థలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారంటే మీ సంస్థ పేరు ప్రతిష్ఠలు చూసి అనమన్నాడు. "అబద్ధమెందుకు చెప్పాలి, ఇంకెవరూ పిలవలేదు" అని వచ్చింది. రోగమంతా ఆ ఊతపదంలోనే ఉందని, దాన్ని పీకేస్తే వెనకున్న నిజాలు వాటంతటవే రాలిపోతాయని పెద్దల్లుడు తేల్చాడు. ఆ సాయంత్రమంతా హాల్లో అటూ ఇటూ పచార్లు చేసి, చివరికి మందు కనిపెట్టాడు. ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా దాని బదులు దగ్గాలి. దగ్గినవాణ్ణి లోకంలో ఎవరూ తప్పుపట్టరని ఆయన వాదన.

ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో దగ్గులు మొదలయ్యాయి. ఖళ్, మంచినీళ్ళివ్వు. ఖళ్, కరెంటు పోయింది. ఖళ్, మీ అమ్మ మెట్ల మీద నిద్రపోయింది. మొదట్లో మాటా దగ్గూ రెండూ కలిసొచ్చి పొలమారేది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. రెండు రోజులకు చెయ్యి తిరిగింది, అంటే గొంతు తిరిగింది. ఇంట్లోవాళ్ళు తొందరగానే ఆ దగ్గుకు అర్థం తెలుసుకున్నారు. అత్తగారికి మాత్రం మనసు కుదుటపడలేదు. అది ఉత్తుత్తి దగ్గని తెలిసి కూడా, ఎందుకైనా మంచిదని దగ్గుమందు సీసా ఒకటి చేత పట్టుకుని అల్లుడి వెనకాలే తిరిగారు.

అయితే ఎవరూ ఊహించని ముప్పొకటి వచ్చిపడింది. చిన్నల్లుడి నోట్లోంచి వెళ్ళగొట్టిన మాట ఎక్కడికి పోతుంది? ఇంట్లోనే తిరుగుతూ, ఖాళీగా దొరికిన నోట్లోకల్లా దూరడం మొదలుపెట్టింది. దినమంతా అదే మాటను పట్టుకుని తిట్టడం, దాన్నే తలుచుకోవడం, అదొస్తుందేమోనని కాచుకు కూర్చోవడం, దీంతో అందరి నాలుకకూ అదే అలవాటైపోయింది. ముందు అత్తగారు పడ్డారు. పక్కింటావిడ మనవడి ఫొటో చూపించి ఎలా ఉన్నాడని అడిగితే, "అబద్ధమెందుకు చెప్పాలమ్మా, తాత పోలికే, పాపం" అనేశారు. పక్కింటావిడ ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ ఇటు తొంగిచూడలేదు.

తర్వాత వంతు పెద్దల్లుడిదే. భోజనాల దగ్గర ఆయన భార్య కూర ఎలా ఉందని మామూలుగా, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలాగా అడిగింది. ఆయన కూడా మామూలుగానే నోరు తెరిచాడు.

"అబద్ధమెందుకు చెప్పాలి, నీ చేతి కూర నాకు ఏనాడూ నచ్చలేదు."

ఆయనే బిత్తరపోయాడు. నాలుక కరుచుకుని, అది తన మాట కాదని, తమ్ముడి మాటని, అంటురోగంలా తగిలిందని ఎంత మొత్తుకున్నా ఆవిడ చెవిన పెట్టలేదు. ఆ రాత్రి నుంచి ఆయనకు వడ్డన లేదు. తన కంచంలో తానే వడ్డించుకుని, బాగుంది బాగుంది అని గోడలకు వినబడేలా చెప్పుకుంటూ తిన్నాడు.

ఇంటర్వ్యూ రేపనగా ఆఖరి అభ్యాసం జరిగింది. చిన్నల్లుడు ఖళ్ మని దగ్గి అతిగా కష్టపడటమే నా బలహీనతన్నాడు, ఖళ్ మని దగ్గి మరింత మంచి అవకాశాల కోసమన్నాడు, ఎక్కడా తడబడలేదు. పెద్దల్లుడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నీకిక తిరుగులేదు, నా శిక్షణలో ఎవడూ తప్పలేదు, నేనెన్ని బోర్డుల్లో కూర్చున్నానో తెలుసా అని వీపు చరిచాడు. ఎన్నింటిలో కూర్చున్నావు అన్నయ్యా అని చిన్నల్లుడు భక్తిగా అడిగాడు.

"అబద్ధమెందుకు చెప్పాలి" అనేశాడు పెద్దల్లుడు. అని గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కానీ అప్పటికే బండి కదిలిపోయింది. "ఒక్కసారే కూర్చున్నాను. గోడౌనుకి వాచ్‌మన్‌ని తీసుకునేటప్పుడు. అసలాయనకి జ్వరమొస్తే కుర్చీ ఖాళీగా ఉండకూడదని నన్ను కూర్చోబెట్టారు. వచ్చింది కూడా ఒక్కడే."

గాలి తీసిన ట్యూబులాగా ఆయన కుర్చీలో కిందకి జారిపోయాడు. మెట్ల మీదినుంచి అత్తగారు, ఆ వాచ్‌మన్ మంచివాడేనా అని అడిగారు. ఆర్నెల్లకి సిమెంటు బస్తాలతో ఉడాయించాడని జవాబొచ్చింది. ఇలాంటి మనిషి చేతిలో తన జీవితం పెట్టానని చిన్నల్లుడికి అప్పుడర్థమైంది. కానీ వేరే గురువును వెతుక్కునే వ్యవధి లేదు. తెల్లారితే ఇంటర్వ్యూ. దగ్గుతోనే నెగ్గుకురావాలి.

పొద్దున్నే భార్య చొక్కా ఇస్త్రీ చేసి తనే తొడిగింది. కాలరు సర్దుతూ, కళ్ళలోకి చూడకుండా ఒక మాట అడిగింది.

"మన పెళ్ళికి ముందు, మా నాన్నగారు నేను నచ్చానా అని అడిగితే మీరేమన్నారో గుర్తుందా?"

అతనికి గుర్తుంది. అబద్ధమెందుకు చెప్పాలండీ, చాలా నచ్చారు, నేనే ఆవిడకి నచ్చుతానని అనుకోను అన్నాడు. తలుపు వెనక నిలబడి విన్న పిల్ల ఫక్కున నవ్వింది. అప్పటికి ఆమెను చూసుకోడానికి వచ్చిన మిగతావాళ్ళంతా నున్నగా మాట్లాడినవాళ్ళే. ఇతని మాట నమ్మబుద్ధయిందని, అందుకే ఒప్పుకున్నానని తర్వాతెప్పుడో చెప్పింది. ఇప్పుడు మాత్రం ఇంకేమీ చెప్పకుండా, పై గుండీ పెట్టి, అది నోట్లోంచి రానివ్వకండి ఇవాళొక్కరోజూ అని వెనక్కి తిరిగింది. ఖళ్, అలాగే అన్నాడతను.

బస్టాండు కిటకిటలాడుతోంది. నేలకు బోల్టులు బిగించిన ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండిపోయి, జనం సామాన్ల మీద కూర్చున్నారు. ప్లాట్‌ఫారాలకు ఎదురుగా, కాస్త ఎత్తులో అద్దాల గది. ఇంటర్వ్యూ జరిగేది కూడా అందులోనే. లోపల టేబులు మీద ఎర్ర స్విచ్చు ఉన్న మైకు, దాని వెనక ఇద్దరు మనుషులు. ఒకావిడ బస్టాండు మేనేజరు. రెండో మనిషి కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసాయన, ప్రతి మాటకీ నిబంధనల పుస్తకం తిప్పి చూసే రకం. చిన్నల్లుడిది ఆఖరి నంబరు. బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఒక సంగతి అతని చెవిన పడుతూనే ఉంది. లోపలికెళ్ళిన ప్రతి అభ్యర్థీ చివర్లో మైకులో ఒకే ప్రకటన చదువుతున్నాడు. కొండ ఊరికి వెళ్ళు బస్సు మరి కొద్ది నిమిషాల్లో రాగలదు. ఒకసారి సన్నటి గొంతులో వచ్చింది, ఒకసారి బొంగురు గొంతులో వచ్చింది, ఒకసారి ఎవరో పాట పాడినట్టు రాగం తీశారు. బస్సు మాత్రం ఏ గొంతుకీ రాలేదు. కొండ ఊరి ప్రయాణికులు ప్రతిసారీ లేచి, మూటలెత్తుకుని, ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి, మళ్ళీ ఉసూరుమంటూ వెనక్కి రావడం అతను చూశాడు.

అతని వంతొచ్చింది. పాత ఉద్యోగాల గురించి మేనేజరమ్మ అడిగింది. ఖళ్, మరింత మంచి అవకాశాల కోసమండీ అన్నాడు. మా దగ్గరే ఎందుకని కళ్ళజోడాయన అడిగాడు. ఖళ్ ఖళ్, మీ సంస్థ పేరు ప్రతిష్ఠలు చూసండీ అన్నాడు. మీ బలహీనత ఏమిటని మేనేజరమ్మ అడిగేసరికి లోపలి నుంచి ఎంత బలంగా తన్నుకొచ్చిందంటే, అతను టేబులు పట్టుకుని దగ్గాల్సొచ్చింది. అద్దాలు గలగలమన్నాయి. అతిగా కష్టపడటం అన్న మాటలు ఆ దగ్గుల మధ్య ముక్కలు ముక్కలుగా బయటపడ్డాయి.

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. మేనేజరమ్మ నిట్టూర్చి, ఇదివరకటి అనౌన్సరు దగ్గు వల్లే మానేశాడని, ఆయన చివరి రోజుల్లో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారమో దగ్గుల్ని లెక్కపెట్టుకుని తెలుసుకోవాల్సొచ్చిందని, మళ్ళీ ఆ తలనొప్పి తన వల్ల కాదని చెప్పి, దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగింది. లోకంలో దగ్గును ఎవరూ తప్పుపట్టరన్న పెద్దల్లుడు, ఎవరైనా దగ్గు గురించి అడిగితే నిన్న వాన చినుకుల్లో తడిశానని చెప్పమని ముందే నేర్పి పంపాడు. ఆ మాట చిన్నల్లుడి నాలుక మీదే ఉంది. కానీ వారం రోజులుగా మింగిందంతా గొంతులో అడ్డం పడి, మింగలేక కక్కలేక, మనిషి ఎర్రబడిపోయాడు.

"అబద్ధమెందుకు చెప్పాలండీ, ఇది దగ్గు కాదు."

ఒకసారి తూము తెరుచుకున్నాక ఆగేదేముంది? దుప్పటి దగ్గర్నుంచి తోడల్లుడి దాకా మొత్తం చెప్పేశాడు. మేనేజరమ్మ ఫైలు చాటున మూతి దాచుకుంది. కళ్ళజోడాయన మాత్రం నవ్వలేదు. మైకులో అలాంటి మాటొస్తే సంస్థ పరువేమవుతుందో ఆలోచించండన్నాడు, పుస్తకం తిప్పి ఏదో పేజీ చూపించాడు, ఫైలు మూసేశాడు. మైకు పరీక్ష అందరికీ పెట్టాలని నిబంధన ఉంది కాబట్టి ఇతనికీ పెట్టేసి పంపిద్దామని, కాగితం అతని ముందుకు తోశాడు. అదే కాగితం. అదే కొండ ఊరి బస్సు.

చిన్నల్లుడు స్విచ్చు నొక్కాడు. ప్రయాణికులకు విజ్ఞప్తి, కొండ ఊరికి వెళ్ళు బస్సు అని అతని బంగారు గొంతు బస్టాండంతా మోగిందో లేదో, జనంలోంచి ఒక మూలుగు లేచింది. ఈసారి ఎవరూ మూటలెత్తుకోలేదు. మనుషులు నేరుగా అద్దాల గది వైపు నడిచారు. ఒక పెద్దావిడ గొడుగు కొనతో అద్దం మీద టకటకా కొట్టింది. అతను కాగితం వంక చూశాడు. మరి కొద్ది నిమిషాల్లో అన్న చోట వేలు పెట్టుకుని, దగ్గడానికి ఊపిరి తీశాడు. దగ్గు రాలేదు.

"అబద్ధమెందుకు చెప్పాలి, ఆ బస్సు ఎక్కడుందో ఇక్కడెవరికీ తెలీదు. పొద్దుట్నుంచి మీరు విన్న గొంతులన్నీ ఈ ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళవి. అందరికీ ఒకటే కాగితమిచ్చి చదవమన్నారు. ఇప్పుడు నేను చదువుతున్నాను. ఇది నా పరీక్ష, తప్పినట్టే ఉన్నాను. మీరు కూర్చోండి. బస్సు సంగతి తేలేదాకా నేనూ ఇక్కడే ఉంటాను. నాకు ఇంటికెళ్ళాలంటే భయంగా ఉంది. మా ఆవిడ ఈసారి ఏమీ అననంది."

ఎక్కడో వెనకాల ఒకడు నవ్వాడు, ఆ నవ్వు కుర్చీల వరసల్లో పాకింది. జనం వెనక్కి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టారు. గొడుగావిడ మాత్రం అద్దానికి ముఖం ఆనించి, ఏమీ అననందంటే చాలా కోపంగా ఉన్నట్టే నాయనా, తొందరగా వెళ్ళు అని గట్టిగా సలహా ఇచ్చి తన మూట మీద కూర్చుంది.

మేనేజరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దుట్నుంచి అందరూ ఇంటర్వ్యూల్లో మునిగిపోయి, ఆ బస్సు ఎక్కడుందని ఒక్కరూ ఫోను చేసి కనుక్కోలేదు. గబగబా డిపోకు ఫోను చేసింది. టైరు పేలి కొండ మలుపులో ఆగిందట, ఇంకో గంటన్నర పడుతుందట. ఆ సంగతీ చిన్నల్లుడి చేతే చెప్పించింది. అబద్ధమెందుకు చెప్పాలి, గంటన్నర పడుతుంది, రెండు గంటలే అనుకోండి అన్నాడతను. ఒక్కరూ గొడవ చెయ్యలేదు. హాయిగా టీ తాగడానికి వెళ్ళారు.

కళ్ళజోడాయన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు. అబద్ధమెందుకు చెప్పాలి అనకూడదని ఎక్కడా లేదు. మేనేజరమ్మ ఫైలు మళ్ళీ తెరిచి, ఒక షరతు పెట్టింది.

"బస్సు టైముకొస్తే మామూలుగా చెప్పండి. ఆలస్యమైతేనే మీ మాట వాడండి. ఇష్టమొచ్చినప్పుడల్లా వాడి అరగదీయకండి, ఇకమీదట అది ఆఫీసుది."

"అయితే రోజంతా వాడాల్సిందే" అన్నాడు కళ్ళజోడాయన, మొదటిసారిగా నవ్వుతూ.

చిన్నల్లుడు ఆ షరతును తలకెత్తుకున్నాడు. తన నోటి దరిద్రం అనుకున్నది ఒక్క పూటలో ఆఫీసు ఆస్తి అయిపోయింది. దాన్ని ఇంట్లోనూ వీధిలోనూ పారబోయకూడదు, దాచుకుని డ్యూటీలో వాడాలి. దారి పొడుగునా ఎదురైన ముగ్గురు నలుగుర్ని ఆ మాట లేకుండానే పలకరించాడు. వాళ్ళు అతనికేమైందోనని ఆగి వెనక్కి చూశారు.

ఇంట్లో అందరూ కింద హాల్లోనే ఉన్నారు. అతను గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, అనౌన్సరుకు తగినట్టు స్పష్టంగా చెప్పాడు.

"ఉద్యోగం వచ్చింది."

మాట అందరి చెవినా పడింది, కానీ దాని ముందు ఉండాల్సిన మాట లేదు. కనీసం దగ్గయినా లేదు. అత్తగారు మెల్లగా లేచి వచ్చి, పోనీలెండి అల్లుడుగారూ, ఇది కాకపోతే ఇంకోటి వస్తుంది అని భుజం తట్టారు. పెద్దల్లుడు ఈ పాపమంతా తనదేనని తల దించుకున్నాడు. నిజంగా వచ్చిందండీ అన్నాడు చిన్నల్లుడు. దాంతో మిగిలిన కాస్త ఆశా ఆవిరైపోయింది. నిజంగా అని ఒట్టేసే అవసరం ఆ మనిషికి పుట్టి బుద్ధెరిగాక రాలేదు. మొదటిసారి అబద్ధమాడుతున్నాడు, పాపం సరిగ్గా ఆడటం కూడా రాలేదని వదినగారు కొంగుతో కళ్ళొత్తుకుంది.

భార్య ఏమీ అనలేదు. అన్న మాట ప్రకారం ఒక్క మాటా అనలేదు. అతని వంక ఒకసారి చూసి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. గిన్నెలు మోగలేదు, తలుపు కూడా మోగలేదు.

చిన్నల్లుడు ఆ మెట్ల కింద నిలబడి కాస్త సేపు తన ఆఫీసు గురించీ షరతు గురించీ ఆలోచించాడు. ఆ తర్వాత ఆఫీసుకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని, రెండేసి మెట్లు చొప్పున ఎక్కాడు. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది, సూదిలో దారం లేకుండానే తొక్కుతోంది.

"అబద్ధమెందుకు చెప్పాలే, వచ్చింది."

మిషను ఆగింది.

కింద మెట్ల మీదినుంచి అత్తగారి గొంతు, అబద్ధమెందుకు చెప్పాలి, వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు అని వినపడింది. ఆ తర్వాత పెద్దల్లుడి గొంతు, తన శిక్షణ గురించి ఏదో మొదలుపెట్టి సగంలోనే ఆపేసుకుంది. పైన ఆమె లేచి, ఇంతసేపు ఏం చేస్తున్నారని, ఆ మాట ముందే అనడానికి నోరు పడిపోయిందా అని, మీ వంశంలోనే ఒక్కరికీ సమయానికి మాట రాదని మొదలుపెట్టి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ మోగించింది. అతను కుర్చీలో కూర్చుని ఆ మోతంతా కమ్మగా విన్నాడు. కాసేపటికి టీ కప్పు అతని ముందు ఠప్పుమంది. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుని నిలబడింది.

"ఏడుస్తున్నావా?" అని అడిగాడు.

"లేదు" అంది.

ఆ లేదుకు ముందు ఇంకే మాటా లేదు. అందుకని అతను నమ్మలేదు.